ఈ ఏడాది పిట్టల లెక్క, వచ్చే ఏడాది చెట్ల లెక్క

డిసెంబరు ఆఖరి ఆదివారం. పొద్దున్న ఇంట్లో అందరి టిఫిన్లూ అయ్యాక, ఏడాదంతా స్కూలు సంచిలో నాతో పాటు తిరిగిన నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. అట్ట ఊడింది. వానకి తడిసి జులై పేజీలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, నెమ్మదిగా విడదీస్తే ఒక పేజీ సిరా రెండో పేజీ మీద అచ్చుపడి ఉంది. చివర్లో ఈ ఏడాది చూసిన పిట్టల జాబితా, మొత్తం 143 రకాలు. పోయినేడు 96. చూసుకుంటే సంతోషంగానే ఉంది. కానీ ఇందులో ఉండాల్సిన ఒక్క లైను లేదు, అది లేనందుకు ఏం జరిగిందో ఆగస్టులో కళ్లారా చూశాను. రాయాలనుకున్నది దాని గురించే, అయితే అక్కడికి వెళ్లేలోపు మంచి సంగతులు చాలా ఉన్నాయి, అవీ చెప్పాలి.

నేను చీపురుపల్లి వైపు ఒక హైస్కూల్లో లెక్కలు చెప్తాను. ఇంటి నుంచి స్కూలుకి 12 కిలోమీటర్లు, స్కూటీ మీద వెళ్తాను. దారిలో రెండు చెరువులు, ఒక గెడ్డ, మిగతాదంతా వరి, మొక్కజొన్న, నువ్వు, అక్కడక్కడ గోగు. రెండేళ్ల క్రితం వరకూ ఈ దారిలో నాకు కనిపించినవి కాకి, కొంగ, గోరింక, అంతే. తమ్ముడు ఒక 8×42 బైనాక్యులర్ తెచ్చిచ్చాక, ఫోన్లో మెర్లిన్, ఈబర్డ్ అనే పిట్టల యాప్‌లు వేసుకున్నాక, అదే దారిలో కరెంటు తీగ మీద కూర్చునేవి ఏట్రింతలు, పసిరికపిట్టలు, పాలపిట్టలు అని వేరువేరుగా తెలిశాయి. తెలిశాక ఇక ఆగలేదు. స్కూటీ ఆపి చూడటం, ఐదు నిమిషాలు ఆలస్యంగా వెళ్లడం, పిల్లలు "ఈరోజు ఏం పిట్ట చూశారు టీచర్?" అని అడగడం అలవాటైపోయింది.

జనవరిలో సంక్రాంతి సెలవులు అవ్వకముందే తేలినీలాపురం వెళ్లాం, నేనూ మా ఆయనా మా పెద్దదీ. కారులో వెళ్దామన్నారు గానీ నేనే రైలన్నాను. చీపురుపల్లిలో ప్యాసింజరు ఎక్కి, కిటికీ పక్కన కూర్చుని, సిగడాం, పొందూరు, దూసి, శ్రీకాకుళం రోడ్డు, ఉర్లాం, తిలారు, కోటబొమ్మాళి అని ఒక్కో స్టేషను లెక్కపెట్టుకుంటూ, మధ్యలో నాగావళి, వంశధార రెండూ దాటుకుంటూ నౌపడలో దిగడం ఒక పండగ. ఆ ప్రయాణంలో తీగల మీద ఏట్రింతల్ని లెక్కపెట్టమని మా అమ్మాయికి చెప్తే కోటబొమ్మాళికి 61 అయ్యాయి, తర్వాత నిద్రపోయింది.

తేలినీలాపురంలో గూడబాతులు, అంటే పెలికాన్లు, ఊళ్లో చెట్ల మీదే గూళ్లు కడతాయి. అడవిలో కాదు, దీవిలో కాదు, మనుషులు పడుకునే ఇళ్ల మధ్య. చింతచెట్టు కొమ్మ మీద నాలుగైదు కిలోల పక్షి కూర్చుంటే కొమ్మంతా ఊగుతుంది, కింద అరుగు మీద ఒక ముసలాయన చుట్ట కాల్చుకుంటున్నాడు, ఆయన తలెత్తి కూడా చూడలేదు. ఆకులన్నీ సున్నం కొట్టినట్టు తెల్లగా. వాసన గట్టిగానే వస్తుంది, ముక్కుకి చున్నీ కట్టుకున్నాను. పిల్ల తన తలా మెడా అంతా తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి చేప తీసుకుంటుంటే, ఈ పిల్ల మళ్లీ బయటికొస్తుందా అని మా అమ్మాయి ఊపిరి బిగబట్టి చూసింది. గూడబాతు అన్న పేరు నాకు అక్కడే అర్థమైనట్టనిపించింది. మా తాతగారి రోజుల్లో కాలవలోంచి చేలోకి ఇద్దరు మనుషులు చెరో పక్కా తాడు పట్టుకుని గూడ వేసేవాళ్లు, ఆ గూడతో నీళ్లు ఎత్తినట్టే ఈ పక్షి ముక్కుతో నీళ్లతో సహా చేపని ఎత్తుతుంది. ఈ పేరు పెట్టినవాళ్లు చేలో పనిచేసినవాళ్లే అయ్యుంటారు.

అక్కడ ఎవర్ని కదిపినా "సైబీరియా నుంచొత్తాయి" అంటారు. వార్తల్లోనూ ఏటా అదే మాట వస్తుంది. గూడబాతులు సైబీరియా పక్షులు కావు. అవి మన దేశంలోనూ శ్రీలంకలోనూ, ఇంకా తూర్పున కంబోడియా వైపూ గూళ్లు కట్టుకునే పక్షులే, నీళ్లనీ చేపల్నీ బట్టి ఒకచోటి నుంచి ఇంకోచోటికి తిరుగుతాయి. అక్కడే కనిపించే ఎర్రకాళ్ల కొంగలదీ (పెయింటెడ్ స్టార్క్) ఇదే కథ. నిజంగా ఉత్తర ధ్రువం దగ్గరి నుంచి వచ్చేవి ఎక్కడున్నాయంటే, అక్కడికి దగ్గర్లోనే, నౌపడ ఉప్పు మళ్లలో. ఆ మధ్యాహ్నం మడి గట్టు మీద నిలబడి చూస్తే బురద కదులుతున్నట్టనిపించింది, బైనాక్యులర్ పెడితే లిటిల్ స్టింట్‌లు, పిచ్చుకంత ఉంటాయి, 25, 30 గ్రాముల బరువు, కుట్టుమిషను సూదిలాగా ముక్కుతో బురదని పొడుస్తూ పరిగెడుతున్నాయి. అంత చిన్న ప్రాణి సైబీరియా టండ్రాలో పుట్టి మన నౌపడ ఉప్పులో చలికాలం గడుపుతుందంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. వాటిని చూడ్డానికి ఆ రోజు మేం ముగ్గురం తప్ప ఎవరూ లేరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. 2022 మొదట్లో ఇదే తేలినీలాపురంలో గూడబాతులు పదుల సంఖ్యలో చెట్ల మీంచి రాలిపడి చనిపోయాయి. కడుపులో నులిపురుగులు, అవి చెరువుల్లోని చేపల నుంచి వచ్చాయన్నారు. చెట్టుని కాపాడితే సరిపోదు, అది తినే చేప బతికే చెరువు కూడా బాగుండాలి. ఆ ఊరివాళ్లు ఇప్పటికీ దాన్ని ఇంట్లో చావులాగే చెప్తున్నారు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు ప్రపంచమంతా పిట్టల్ని లెక్కపెట్టే కార్యక్రమం ఉంటుంది కదా, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్, అమెరికాలో 1998లో మొదలై 2013 నుంచి అన్ని దేశాలకీ వచ్చింది. ఎనిమిదో తరగతి పిల్లలతో స్కూలు ఆవరణలో రోజుకి పావుగంట చేశాం. 22 రకాలు. అందులో ఒకటి బావి దగ్గర చేదబావి తాడు పట్టుకుని తల కిందులుగా వేలాడుతున్న పిట్ట, ఏంటో ఎవరికీ తెలీలేదు, నాకూ తెలీలేదు, అలాగే రాశాం. వేసవి ఎండల్లో ఎక్కువ తిరగలేదు. ఏప్రిల్లో ఒకసారి తాటిపూడి రిజర్వాయరుకి వెళ్లాం, గోస్తని నీళ్లు బాగా తగ్గి ఉన్నాయి, నీటికాకులు రాళ్ల మీద రెక్కలు ఆరేసుకుని వరసగా కూర్చున్నాయి, అంతే.

జూన్లో చాతకం కనిపించింది. స్కూళ్లు తెరిచిన వారం, ఇంకా ఒక్క మంచి వాన పడలేదు, గెడ్డ పక్కన తుమ్మచెట్టు చిటారుకొమ్మ మీద నలుపూ తెలుపూ పిట్ట, తల మీద జుట్టు దువ్వి నిలబెట్టినట్టు. నేను తెలుగు వాచకంలో చిన్నప్పుడు చదువుకున్న చాతక పక్షి ఇది, వాన చినుకు తప్ప ఇంకేం తాగదని చెప్పుకునే పక్షి. తొలకరితో పాటు ఆఫ్రికా నుంచి సముద్రం మీదుగా గాలివాటుగా వచ్చే పక్షి. కవులు చెప్పినట్టు వాన కోసం ఎదురుచూస్తుందో లేదో గానీ, దానికి వానాకాలం కావాల్సిందే, ఎందుకంటే గుంపులుగా గోల చేస్తూ తిరిగే బ్యాబ్లర్లు అప్పుడే గుడ్లు పెడతాయి, ఇది వాటి గూళ్లలో తన గుడ్డు పెట్టేస్తుంది. మూడు రోజుల తర్వాత వాన పడింది. ఇంటికొచ్చి చెప్తే మా అత్తయ్య, "అది కనిపించాక వాన రావడం కొత్తా ఏటి?" అన్నారు. ఆవిడకి ఆ పిట్ట పేరు తెలీదు, రాకడ మాత్రం తెలుసు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

జులైలో తేలుకుంచి. ఇచ్ఛాపురం దాకా రైలు, అక్కణ్ణుంచి ఆటో. ఒడిశా సరిహద్దు పక్కనే, ఊళ్లో తెలుగూ ఒడియా రెండూ వినిపిస్తాయి. ఇక్కడికి తొలకరికి వచ్చేవి నత్తగుల్ల కొంగలు. వందల్లో. ఏ ఇంటి దొడ్డి చూసినా చెట్టు నిండా గూళ్లు. ఒక పెద్దావిడ బియ్యం చెరుగుతూ కూర్చుని ఉంటే ఆవిడ పక్కన కూర్చుని గంటసేపు చూశాను. "పురుటికొచ్చిన ఆడపిల్లలమ్మా ఇవి, ఎవరైనా తోలేత్తారా?" అంది. పైనుంచి రెట్ట పడకుండా చేట మీద గోనెసంచి కప్పుకుని మరీ చెరుగుతోంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఈ ప్రాంతంలో కొబ్బరీ జీడీ చింతా అని లేకుండా చెట్లు కూలిపోయాయి, ఆ రాత్రి గురించి అడిగితే ఆవిడ ముందు చెట్టు గురించి చెప్పింది, తర్వాత ఇంటి పైకప్పు గురించి.

నత్తగుల్ల కొంగని ఒక్కసారి దగ్గర్నుంచి చూడాలి. ఊరి బయట పొలంలో, గట్టుకి పది అడుగుల దూరంలో ఒకటి నిలబడి ఉంది. ముక్కు పూర్తిగా మూసినా మధ్యలో సందు ఉంటుంది, ఆ సందులోంచి అవతలి పచ్చ కనిపిస్తుంది. పుట్టినప్పుడు పిల్లలకి ఈ సందు ఉండదు, పెరిగేకొద్దీ వస్తుంది. నేను ఆ సందులో నత్తని ఇరికించి అడకత్తెర్లో వక్క నొక్కినట్టు నొక్కి పగలగొడుతుందనుకునేదాన్ని. కాదు. కాలితో బురదని తడుముతూ నడిచింది, తల ముంచింది, నత్తని పైకి తెచ్చి ఒడ్డున మెత్తటి మట్టి మీద పెట్టి అదిమిపట్టుకుంది. కింది ముక్కు కొసని నత్త మూత కిందికి, అంచు పట్టుకుని పోనిచ్చింది. రెండు మూడు సార్లు వణికినట్టు కదిపింది. మాంసం మొత్తం చిల్లుపడకుండా బయటికొచ్చేసింది, గుల్ల గుల్లలాగే మిగిలిపోయింది. నేను ఆ గుల్ల తీసి చూశాను, ఒక్క పగులు లేదు. చింతపండు గింజ తీసే మా అత్తయ్య చెయ్యి గుర్తొచ్చింది, అంతే పొందిక. ఆ గుల్ల ఇప్పుడు స్కూల్లో నా టేబుల్ మీద ఉంది.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో రాత్రి పదకొండయింది, మర్నాడు స్కూలు, అయినా నేను నిద్రపోలేదు. 120వ రకం, 121వ రకం అని రాసుకుంటూ కూర్చున్నాను.

ఇక ఆగస్టు.

మా ఊరి నుంచి స్కూలుకి వెళ్లే దారిలో, మొదటి చెరువు దాటాక రోడ్డుకి ఎడమపక్కన ఐదు చింతచెట్లు ఉండేవి. పాతవి, ఒకాయన చేతులు చాపి పట్టుకుంటే అందని మాన్లు. వాటి మీద ఏటా వానాకాలంలో కొంగలు గూళ్లు కడతాయి. పెద్ద విశేషమైన పక్షులేం కావు, పశువుల వెంట తిరిగే తెల్లకొంగలు, గుడ్డికొంగలు, కొన్ని చిన్న నీటికాకులు. గూళ్లు కట్టే కాలంలో తెల్లకొంగ తలా మెడా నారింజ రంగుకి తిరుగుతాయి, పెళ్లికళ వచ్చినట్టు ఉంటుంది. నేను రోజుకి రెండుసార్లు ఆ చెట్ల కింద నుంచే వెళ్తాను, రెట్ట పడుతుందని స్కూటీ కాస్త కుడికి తీసుకుని. ఎప్పుడూ ఆగలేదు. ఎప్పుడూ రాయలేదు. జాబితాలో ఆ మూడు రకాలూ జనవరిలోనే వచ్చేశాయి కాబట్టి, వాటి ముందు టిక్ పడిపోయింది కాబట్టి.

రోడ్డు వెడల్పు పని మొదలైంది. ఆగస్టు రెండో వారం, గురువారం పొద్దున్న వెళ్తుంటే మొదటి రెండు చెట్లూ కింద పడి ఉన్నాయి, మూడోదానికి రంపం పెట్టారు. రోడ్డంతా పుల్లలు, నీలంగా పగిలిన గుడ్లు, ఇంకా రెక్కలు రాని పిల్లలు. కొన్ని కదులుతున్నాయి. పైన కొంగలు తిరుగుతున్నాయి, కూర్చోడానికి చోటు లేక. నేను స్కూటీ స్టాండు కూడా వెయ్యలేదు, అలాగే పడేసి అరుస్తూ పరిగెత్తాను, మిషను ఆపారు. పనివాళ్లు మంచివాళ్లే, వాళ్లూ పిల్లల్ని ఏరి పక్కన పెడుతున్నారు, వాళ్లకిచ్చిన పని వాళ్లు చేస్తున్నారు. సూపర్‌వైజరుకి చెప్పాను, ఆయన ఎవరికో ఫోన్ చేశాడు. నేనూ ఒక ఆఫీసుకి ఫోన్ చేశాను. అవతలాయన మర్యాదగానే మాట్లాడారు. "మేడమ్, అక్కడ ఏటా గూళ్లు కడతాయని మీ దగ్గర ఏదైనా రాసింది ఉందా? ఎన్ని గూళ్లు, ఎప్పటి నుంచి, ఎప్పటిదాకా? ఫొటోలు?" అన్నారు.

లేవు. 121 రకాలు రాసుకున్నదాన్ని, తేలుకుంచి వెళ్లి వంద ఫొటోలు తీసుకున్నదాన్ని, రోజుకి రెండుసార్లు కింద నుంచి వెళ్లిన చెట్టు గురించి నా దగ్గర ఒక్క లైను లేదు, ఒక్క ఫొటో లేదు.

సాయంత్రానికి ఐదు చెట్లూ అయిపోయాయి. వెళ్లేటప్పుడు ఆ సూపర్‌వైజరు కుర్రాడు అన్న మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. "ముందు ఎవరైనా చెప్పుంటే ఈ ముక్క ఆఖర్న పెట్టుకుందుం మేడమ్, అవతలి చివర్నుంచి మొదలెట్టేవాళ్లం, మాకేటి పోయింది?" గుడ్డు పెట్టిన రోజు నుంచి కొంగపిల్ల సొంతంగా ఎగిరేదాకా సుమారు రెండు నెలలు. రెండే రెండు నెలలు. రోడ్డు అడ్డుకోమని ఎవరూ అడగట్లేదు, నేనూ అదే రోడ్డు మీద వెళ్తాను, గుంతల్లో పడి నడుం నొప్పి నాకూ ఉంది.

తర్వాత చదివాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే ఏంటో చెప్పినచోట పక్షుల గుడ్లు పాడుచేయడం, గూళ్లు చెదరగొట్టడం కూడా వేట కిందే రాశారు. చెట్టు కొట్టడానికి 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి కావాలి. చట్టాలున్నాయి. కానీ ఆ అనుమతి కాగితం మీద "ఐదు చింతచెట్లు" అని ఉంటుంది, వాటి మీద ఏముందో ఎవరూ రాయకపోతే కాగితానికి ఎలా తెలుస్తుంది?

బతికున్న పిల్లలు పదకొండు. ఒక పశువుల డాక్టరు ఫోన్లో చెప్పినట్టు, మట్టి మోసే తట్టలు నాలుగు తెచ్చి, అడుగున గడ్డీ పుల్లలూ వేసి, పక్క పొలంలో వేపచెట్టుకి ఎత్తుగా కట్టాం, మా స్కూలు పదో తరగతి కుర్రాళ్లు ఎక్కారు. మనుషులు ముట్టుకుంటే తల్లి రాదంటారు కదా, ఆ మాట నిజం కాదు, మర్నాడు పొద్దున్నకి రెండు తట్టల దగ్గరికి కొంగలు వచ్చి పిల్లలకి తిండి పెట్టాయి. మిగతా రెండు తట్టల దగ్గరికి రాలేదు. సెప్టెంబరు చివరికి నాలుగు పిల్లలు ఎగిరాయి. ఆ నాలుగు తేదీలూ నా దగ్గర రాసి ఉన్నాయి.

ఆ వారంలో ఒక రాత్రి మా అత్తయ్య దగ్గర కూర్చుని ఇదంతా చెప్తుంటే ఆవిడ అన్నారు, "మేం పెళ్లై వచ్చినప్పట్నుంచీ ఆ చింతల మీద కొంగలే. తొల్యేకాశికి కడతాయి, సిరిమాను నాటికి చెట్టు ఖాళీ." నేను అప్పటికప్పుడు లేచి నోట్‌బుక్ తెచ్చాను. తొలి ఏకాదశి నుంచి విజయనగరం పైడితల్లి సిరిమానోత్సవం దాకా, అంటే జూన్ ఆఖరో జులై నుంచి దసరా వెళ్లిన మంగళవారం దాకా. నలభై ఏళ్ల రికార్డు ఆవిడ నోట్లో ఉంది. ఆ ఆఫీసాయన అడిగిన ప్రశ్నకి సమాధానం మా ఇంట్లో, నేను రోజూ అన్నం తినే వంటింట్లో ఉంది, నేనే ఎప్పుడూ అడగలేదు. ఇంకో మాట కూడా అన్నారు. సిరిమానుకి తీసుకొచ్చేదీ చింతమానే కదా, అమ్మవారు కలలో ఫలానా చోట ఉందని చెప్తే, పూజారి వెళ్లి దానికి పసుపూ కుంకుమా పెట్టి, దండం పెట్టుకుని అప్పుడు కొడతారు, "చెట్టుని అడక్కండా కొట్టకూడదమ్మాయ్" అన్నారు.

అక్టోబరు, నవంబరు గురించి క్లుప్తంగానే చెప్తాను, మనసు పెట్టి తిరగలేదు. దసరా రోజు పాలపిట్ట కనిపించింది, మా ఆయన బండి ఆపి మరీ దండం పెట్టారు. 2018 నుంచి మన రాష్ట్ర పక్షి రామచిలుక అయినా దసరాకి దండం మాత్రం పాలపిట్టకే. కార్తీకంలో కళింగపట్నం వెళ్లి వంశధార సముద్రంలో కలిసే చోట ఇసక మీద గోధుమరంగు తల ఉండే గల్ పక్షుల్ని చూశాం. విజయనగరం పెద్దచెరువులో తామరాకుల మీద జకానా పిట్ట నడుస్తూ కనిపించింది, పొడుగు వేళ్లు ఆకు మీద పరుచుకుని బరువంతా పంచుకుంటుంది, అందుకే మునగదు. దాంట్లో గుడ్లు పొదిగేదీ పిల్లల్ని పెంచేదీ మగపక్షే, ఆ సంగతి క్లాసులో చెప్తే ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు.

వచ్చే ఏడాదికి కొత్త నోట్‌బుక్ కొన్నాను, రూళ్లపుస్తకం, 200 పేజీలు. ఇది చెట్ల నోట్‌బుక్. ఇంటి నుంచి స్కూలు దాకా 12 కిలోమీటర్లలో గూళ్లున్న చెట్లు, పాత గూళ్ల గుర్తులున్న చెట్లు, పాతవాళ్లు ఉండేవి అని చెప్పే చెట్లు, అన్నిటికీ నంబర్లు వేస్తాను. ప్రతి నెలా మొదటి ఆదివారం ఒకే చోట నిలబడి ఒక్కో చెట్టుకి ఒక్కో ఫొటో. తొలి ఏకాదశి నుంచి వారానికోసారి గూళ్ల లెక్క. మొదటి గూడు తేదీ, ఆఖరి పిల్ల ఎగిరిన తేదీ. ఎనిమిదో తరగతికి పట్టికలూ బార్ గ్రాఫులూ ఎలాగూ చెప్పాలి, పుస్తకంలో ఉన్న క్రికెట్ స్కోర్లకి బదులు ఈ గూళ్ల లెక్కతోనే చెప్తాను. జూన్ మొదటి వారంలో, అంటే గూళ్లు కట్టకముందే, ఆ జాబితా నాలుగు కాపీలు తీసి రెండు పంచాయతీలకి, మండల ఆఫీసుకి, అటవీశాఖకి చేతికిచ్చి సంతకం తీసుకుంటాను. అడిగేది ఒక్కటే, ఈ చెట్లని ముట్టుకోవాల్సి వస్తే సిరిమాను దాటాక ముట్టుకోండి.

ప్రతి ఊళ్లోనూ అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లని అడుగుతాను. తేదీ అడిగితే చెప్పలేరు, పండగ అడిగితే చెప్తారు. ఏ చెట్టు మీద, ఏ పండక్కి వస్తాయి, ఏ పండక్కి పోతాయి, మీరు వాటిని ఏమని పిలుస్తారు. ఇది త్వరగా చెయ్యాలి. మా అత్తయ్యకి 74.

తిరగడం మానను. మార్చిలో తేలినీలాపురం మళ్లీ వెళ్లాలి, గూడబాతులు వెళ్లిపోయే రోజుల్లో ఊరు ఎలా ఉంటుందో చూడాలి. సోంపేట బీల చూడాలి, 2010లో అక్కడి జనం థర్మల్ ప్లాంటు వద్దని ప్రాణాలకి తెగించి నిలబెట్టుకున్న తడినేల అది, శ్రీకాకుళం జిల్లాలో పుట్టి నేనింకా చూడకపోవడం బాగోలేదు. అక్టోబరులో పొన్నంగి పిట్ట, నవరంగి అంటారే, అది దక్షిణానికి వెళ్తూ మన తీరం తోటల్లో దిగుతుందంటారు, దాని కోసం రెండు ఆదివారాలు జీడితోటల్లో కూర్చుంటాను. 143 దాటితే దాటుతుంది, లేకపోతే లేదు.

నిన్న సాయంత్రం స్కూలు నుంచి వస్తూ కల్వర్టు దగ్గర ఆగాను. కొట్టేసిన చోటికి అర కిలోమీటరు ఇవతల, కుడిపక్కన ఇంకా రెండు చింతచెట్లూ ఒక రావీ ఉన్నాయి. ఇప్పుడు కొంగల్లేవు. కానీ పెద్ద చింత పైకొమ్మల్లో పాత గూళ్లు నల్లగా కనిపిస్తున్నాయి, కింద రోడ్డు అంచున వానకి కొట్టుకుపోగా మిగిలిన తెల్లటి మరకలున్నాయి. తలెత్తి లెక్కపెట్టాను, మెడ నొప్పెట్టేదాకా, రెండుసార్లు. కొత్త నోట్‌బుక్ మొదటి పేజీలో ఇలా రాశాను:

చెట్టు నం. 1. చింత. కల్వర్టు దాటాక కుడిపక్క, కరెంటు స్తంభానికి ఏడు అడుగులు. పాత గూళ్లు 14. సాయంత్రం 4.50. ఒక ఏట్రింత కూర్చుని ఉంది.